నేల కోత పటం: గ్రామసభకు ముందు మనం చేయాల్సిన పని

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, రికవరీ శాతాలు అన్నీ విన్నాం. నేను చెప్పేది ఇంకో లెక్క. గ్రూపులో అప్పు తీసి శనక్కాయ విత్తనం కొంటాం, ఎరువు కొంటాం, చేనికి వేస్తాం. గట్టివాన ఒకటి పడి పైమట్టి వంకలోకి పోతుంది. ఆ మట్టితో పాటు మనం వేసిన ఎరువూ పోతుంది. కిస్తీ మాత్రం మనమే కట్టాలి. ఈ నష్టాన్ని మనం ఏ పుస్తకంలోనూ రాయడం లేదు. దాన్నే నేల కోత అంటారు.

ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానంటే, పంచాయతీల్లో కందకాలు, రాతికట్టలు, సేద్యపు కుంటలు ఎక్కడ వేయాలో ఉపగ్రహ పటాలు చూసి నిర్ణయించే పద్ధతి వచ్చింది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, మన ఇస్రో వాళ్ళది, భువన్ అనే పోర్టల్ నడుపుతోంది. ఉపాధి పనుల ప్రణాళిక కోసం దాని మీదే 2021 ఆగస్టులో యుక్తధార అనేది తెచ్చారు. కంప్యూటర్‌లో పంచాయతీ పటం తెరిచి, వాలు చూసి, వంకలు చూసి, ఇక్కడ ఈ పని అని గుర్తు పెడతారు. అది గ్రామసభ ముందుకు వస్తుంది. పటంలో ఎవరి చేను ఏ రంగులో ఉందన్నదాన్ని బట్టి ఎవరి చేనికి పని వస్తుందన్నది తేలే రోజులివి. అందుకే ఆ పటం ఎలా తయారవుతుందో, అందులో ఏముంటుందో, ఏముండదో మనకు తెలిసి ఉండాలి.

ఎంత మట్టి పోతోంది?

1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దేశం మొత్తానికి లెక్క కట్టారు. ఏడాదికి హెక్టారుకు సగటున 16 టన్నుల పైచిలుకు మట్టి కదిలిపోతోందని తేల్చారు. మన లెక్కలో చెప్పుకుంటే ఎకరానికి ఆరున్నర టన్నులు. అంటే దాదాపు రెండు ట్రాక్టర్ల మట్టి. అలా కదిలిన దాంట్లో 29 శాతం సముద్రంలో కలుస్తోంది, 10 శాతం జలాశయాల్లో పూడికగా చేరుతోంది, మిగిలింది ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోయి పడుతోంది.

ఇంత మట్టి పోతే మనకు కనబడదా అని అడగొచ్చు. కనబడదు. ఎకరం చేనిలో ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి లేచిపోతే అది నాలుగు ఘనపు మీటర్లు, తూకంలో సుమారు ఐదున్నర టన్నులు. మిల్లీమీటరు అంటే రూపాయి బిళ్ళ మందం కూడా లేదు. ఒక వానాకాలంలో అంత పోయినా ఎవరి కంటికీ ఆనదు. ఇరవై ఏళ్ళకు రెండు సెంటీమీటర్లు. మన అనంతపురం ఎర్ర నేలలు చాలా చోట్ల జానెడు, మూరెడు లోతే. కింద గరుసు. పైనున్న ఆ కొంచెం మట్టిలోనే సారం, తేమ, ఎరువు అన్నీ ఉండేది. కొట్టుకుపోయేది ముందుగా అదే. మనకు ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. మట్టి పలచబడే కొద్దీ ఆ కొద్దిపాటి వానను పట్టి ఉంచుకునే చోటు కూడా తగ్గిపోతుంది. వాన లేక పంట ఎండింది అనుకుంటాం కానీ, కొన్ని చేలల్లో పడిన వాన నిలవడానికి మట్టి లేక కూడా ఎండుతోంది.

కొట్టుకుపోయిన మట్టి ఎక్కడికో పోయి ఊరుకోదు. తుంగభద్ర డ్యాం చూడండి. 1953లో కట్టినప్పుడు దాంట్లో సుమారు 133 టీఎంసీల నీళ్ళు పట్టేవి. 2016 సర్వేలో కొలిస్తే 106 టీఎంసీల లోపే పడుతున్నాయని తేలింది. పైనున్న కొండల, చేలల మట్టి వచ్చి పూడిపోయింది. ఆ డ్యాం నుంచే హెచ్చెల్సీ కాలువ మన జిల్లాకు వస్తుంది. ఎక్కడో ఎవరి చేనిలోనో గట్టు తెగితే మన కాలువలో నీళ్ళు తగ్గుతాయి. అట్లాగే మన చేని మట్టి మన ఊరి చెరువులో పూడికవుతుంది.

ఇది మన ఒక్కరి గోడు అనుకోవద్దు. అహ్మదాబాద్‌లో ఇస్రోకు చెందిన స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో అట్లాసు వేసింది. 2018-19 చిత్రాల ప్రకారం దేశ భూభాగంలో 29.77 శాతం భూమి ఏదో ఒక రకంగా సారం కోల్పోతోంది. అందులో నీటి కోత పెద్ద కారణం.

పటం వెనుక ఉన్న ఐదు అంకెలు

ఉపగ్రహం నేరుగా మట్టి పోవడాన్ని తూకం వేయదు. ఐదు అంకెలు తీసుకుని ఒకదాన్తో ఒకటి హెచ్చవేస్తారు. అమెరికాలో విష్మయర్, స్మిత్ అనే ఇద్దరు ప్రయోగ మళ్ళలో ఏళ్ళ తరబడి కొలిచి ఈ లెక్క తయారు చేశారు. 1965లో ఒకసారి, 1978లో సవరించి ఒకసారి పుస్తకంగా వేశారు. ప్రపంచమంతా దాన్నే కొద్ది మార్పులతో వాడుతోంది.

మొదటి అంకె వాన దెబ్బ. ఎంత వాన పడిందన్నది ఒక్కటే చాలదు, ఎంత జోరుగా పడిందన్నది ముఖ్యం. నాలుగు రోజులు తుంపరగా పడిన వాన నేలలోకి ఇంకుతుంది. అదే వాన గంటలో కుమ్మరిస్తే మట్టిని ఎగరగొట్టి ఈడ్చుకుపోతుంది. ఈ అంకె వానమాపకాల లెక్కల నుంచి వస్తుంది.

రెండోది మట్టి గుణం. ఏ మట్టి తేలిగ్గా విడిపోతుంది, ఏది పట్టి ఉంటుంది అన్నది. దీనికి నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ పటాలు ఆధారం.

మూడోది వాలు. ఎంత ఏటవాలు, ఎంత పొడవు అన్న రెండూ కలిపి. దీనికి ఎత్తుపల్లాల పటం కావాలి. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న పంపిన కార్టోశాట్-1కు రెండు కెమెరాలు పెట్టారు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. మన రెండు కళ్ళతో దూరం, ఎత్తు తెలిసినట్టే ఆ రెండు బొమ్మలు కలిపి నేల ఎత్తు లెక్క కడతారు.

నాలుగోది నేల మీద కప్పు. అంటే పైరు, గడ్డి, చెట్టు, రాలిన ఆకు. పచ్చని ఆకు ఎండలోని ఎర్ర వెలుగును మింగేస్తుంది. మన కంటికి కనబడని ఇంకో వెలుగును, పరారుణం అంటారు, తిప్పి కొడుతుంది. ఉపగ్రహం ఈ రెంటినీ కొలిచి ఎక్కడ పచ్చదనం ఎంత ఉందో చెబుతుంది.

ఐదోది కాపుదల. గట్లు, కందకాలు, రాతికట్టలు, వాలుకు అడ్డంగా దున్నడం. మనం చేత్తో చేసిన పనులన్నీ ఇందులోకి వస్తాయి.

ఇవి కూడిక లెక్క అయితే ఒకటి తగ్గినా పెద్ద తేడా ఉండదు. హెచ్చవేత గనక ఒక్కటి బాగా తగ్గితే మొత్తం తగ్గిపోతుంది. దున్ని బోసిగా వదిలిన నేలకు కప్పు అంకె 1 అని పెడితే, దట్టంగా గడ్డి ఉన్న నేలకు అది నూరో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. వాన అదే, మట్టి అదే, వాలు అదే. కప్పు ఒక్కటి మారితే పోయే మట్టి అంత తగ్గుతుంది. మూడు నుంచి ఎనిమిది శాతం వాలున్న చేనిలో గొర్రు వాలు వెంబడి తోలకుండా వాలుకు అడ్డంగా తోలితే నష్టం సగానికి పడిపోతుందని ఆ 1978 పుస్తకంలోనే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. ఎడ్లను, ట్రాక్టరును తిప్పే దిక్కు మార్చడమే.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి నేలల మీద ఇది పరీక్షించి చూశారు. వానాకాలం నేల బోసిగా వదిలేసే పాత పద్ధతిలో ఏటా హెక్టారుకు సుమారు ఆరున్నర టన్నుల మట్టి పోయింది. వాలు చూసి బోదెలు వేసి, వానాకాలం కూడా పంట పెట్టిన చోట ఒకటిన్నర టన్ను పోయింది. మనవి ఎర్ర నేలలు, అవే అంకెలు మనకు రావు. కానీ దారి అదే.

పటంలో పడనివి

ఇంతవరకూ విని, ఇన్ని ఉపగ్రహాలు ఉన్నాయి కదా, ఇక మనతో పనేముంది అనుకోవద్దు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

పటం అంతా చిన్న చిన్న గళ్ళు. ఎత్తుపల్లాల పటంలో సాధారణంగా ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఎకరానికి నాలుగున్నర గళ్ళు. ఒక్కో గడికి ఒక్కటే అంకె. మీ చేని గట్టు వెడల్పు గజం. అది ఆ గడిలో ఎక్కడ కనబడుతుంది? యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహం గడి 10 మీటర్లు, ఎకరానికి 40 గళ్ళు. అందులో పచ్చదనం ఇంకాస్త తేటగా తెలుస్తుంది. అయినా గట్టుకు గండి పడిందా లేదా అన్నది చెప్పలేదు. అందుకే ఐదో అంకె, కాపుదల, చాలా పటాల్లో వాలును బట్టో పంటను బట్టో ఉజ్జాయింపుగా వేస్తారు. ఏ కాపుదలా లేదని 1 వేసి వదిలేసేవీ ఉన్నాయి. మీరు పదేళ్ళ కిందట రాళ్ళు మోసి కట్టిన కట్టకు అందులో లెక్క ఉండదు. రెండేళ్ళ కిందట అది తెగిన సంగతీ ఉండదు.

రెండోది మబ్బు. మామూలు కెమెరా ఉపగ్రహం మబ్బు దాటి చూడలేదు. జూన్, జూలైల్లో దున్ని విత్తే సమయానికి నేల బోసిగా ఉంటుంది, గట్టివాన దెబ్బ కొట్టేది అప్పుడే. కానీ అప్పుడు ఆకాశం మూసుకుని ఉంటుంది. మబ్బు తేలిన నెలల్లో తీసిన చిత్రంలో పైరు పచ్చగా కనబడితే కప్పు బాగుందని లెక్క పడుతుంది. వాన పడిన రోజున కప్పు లేదన్న సంగతి మనకే తెలుసు. రాడార్ ఉపగ్రహాలు మబ్బు దాటి చూస్తాయి, మనకూ ఉన్నాయి. అయితే అవి చూపేది వేరే తీరు, పచ్చదనం అంకె వాటి నుంచి అంత సులువుగా రాదు.

మూడోది, ఈ లెక్క చేని పైపొర కోతను, సన్నటి కాలువల కోతను మాత్రమే పడుతుంది. వంక గట్టు విరిగి పడడం, చేని మధ్యలో పెద్ద గండి లోతుగా తవ్వుకుపోవడం ఇందులోకి రావు. పక్క చేని నీళ్ళు మళ్ళించడం వల్ల మీ చేను కోసుకుపోతున్నా పటంలో ఆకుపచ్చగానే ఉండొచ్చు.

కాబట్టి పటంలో ఇన్ని టన్నులు అని రాసి ఉంటే ఆ అంకెను తూకం వేసిన లెక్కలా నమ్మకండి. ఊరంతటిలో ఏ దిక్కు ఎక్కువ ప్రమాదం, ఏ దిక్కు తక్కువ అన్న వరస చూడండి. ఆ వరసకు పటం బాగా పనికొస్తుంది. వేల ఎకరాలు కాలినడకన తిరిగి చూడాలంటే ఏళ్ళు పడుతుంది, పటం ముందు ఎక్కడికి పోవాలో చెబుతుంది. అక్కడికి పోయి చూడాల్సింది మనం.

మనం చేయాల్సినవి

ప్రతి గ్రామ సంఘం నుంచి ఐదారుగురు, అందులో మెట్ట చేలున్న వాళ్ళు తప్పకుండా ఉండేట్టు, ఒక జట్టు కావాలి. పంచాయతీలో పటం అడిగి తీసుకోండి. కాగితం మీద అచ్చు వేయించండి. ఫోన్లో చూసుకుంటే నలుగురు కలిసి మాట్లాడుకోవడం కుదరదు.

మొదటి గట్టివాన పడిన మర్నాడు ఆ పటం పట్టుకుని కొండ అంచు నుంచి వంక దాకా నడవండి. పై నుంచి కిందికే నడవాలి, నీళ్ళు నడిచే దారి అదే. నడుస్తూ ఈ గుర్తులు చూడండి. గులకరాళ్ళు పైకి తేలాయా? చెట్ల వేళ్ళు బయటపడ్డాయా? గట్టుకు ఎగువ పక్క మట్టి మేట వేసి దిగువ పక్క నేల కుంగిందా? విత్తనాలు కొట్టుకొచ్చి గట్టు మూలన కుప్ప పడ్డాయా? చాళ్ళు తెగి కలిసిపోయాయా? ఒక గాజు సీసాలో పారే నీళ్ళు పట్టి నిలబెట్టండి, అడుగున ఎంత మట్టి తేరుకుందో చూడండి. రెండు చేల నీళ్ళు రెండు సీసాల్లో పక్కపక్కన పెడితే ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

కొలిచి చూపాలంటే ఇంకో పద్ధతి ఉంది. జానెడున్నర ఇనుప చువ్వలు పది తీసుకుని చేనిలో అక్కడక్కడా, దున్నని అంచుల్లోనో బీడులోనో, నేలకు సమంగా దిగగొట్టండి. వానాకాలం అయ్యాక ఎంత బయటపడ్డాయో స్కేలుతో కొలిచి సగటు తీయండి. సగటున ఒక మిల్లీమీటరు తేలితే ఎకరానికి ఐదున్నర టన్నులు, ఇందాక చెప్పుకున్న లెక్కే. ఒకటి రెండు చువ్వలు చూసి చెప్పొద్దు. కొన్ని చోట్ల మట్టి చేరి చువ్వ కప్పడిపోతుంది కూడా. అందుకే పది.

చూసినదాన్ని పటం మీదే రాయండి. ఇక్కడ గండి, ఇక్కడ తెగిన రాతికట్ట, ఇక్కడ పటంలో ఆకుపచ్చ కానీ కోత ఉంది, ఇక్కడ పటంలో ఎరుపు కానీ గట్లు గట్టిగా ఉన్నాయి. సర్వే నంబరు వేయండి, రైతు పేరు రాయండి. ఫోటో తీసినప్పుడు ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. గ్రామ సంఘం సమావేశంలో చదివి, తీర్మానం రాసి, సంతకాలతో గ్రామసభలో ఇవ్వండి. నోటి మాటగా చెప్పింది గాలికి పోతుంది. తీర్మానం పుస్తకంలో ఎక్కింది నిలుస్తుంది, ఇది మన సంఘాల్లో అందరికీ తెలిసిన సంగతే.

ఎవరి చేను ముందు?

వాటర్‌షెడ్ పనికి ఒక నియమం ఉంది, శిఖరం నుంచి లోయకు. కొండ పైన మొదలుపెట్టి కిందికి రావాలి. పైన నీటి జోరు తగ్గించకుండా కింద చెక్‌డ్యాం కడితే మూడు నాలుగు వానాకాలాలకే పూడిపోతుంది. ఇది అందరూ ఒప్పుకునే మాటే. కానీ జరిగేటప్పుడు చెక్‌డ్యాం ముందు వస్తుంది, పై కందకాలు వెనక పడతాయి. చెక్‌డ్యాం పక్కన బోర్లున్న వాళ్ళ గొంతు గట్టిది. కొండ వాలున ఉండేవి ఎక్కువగా డీకేటీ పట్టా చేలు. పేదలవి, దళితులవి, ఒంటరి ఆడవాళ్ళవి. కోత ఎక్కువ పడేది అక్కడే, మాట తక్కువ చెల్లేదీ వాళ్ళదే.

ఈ పటం వాళ్ళ చేతికి వచ్చిన సాక్ష్యం. మా చేను ఎరుపులో ఉంది, ఇక్కడ ఆపకపోతే కింద మీ చెక్‌డ్యాం పూడుతుంది అని ఒక అక్క పటం చూపించి అడిగితే గ్రామసభ దాటేయలేదు. అడిగే ధైర్యం ఆమెకు ఒక్కదానికే రాకపోవచ్చు. పక్కన సంఘం కూర్చోవాలి.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఎరుపు రంగు అంటే పనికిరాని భూమి అని ఎవరైనా అర్థం చెబితే ఒప్పుకోవద్దు. ఎరుపు అంటే ముందు పని చేయాల్సిన భూమి. ఆ మాటను తీర్మానంలో అట్లాగే రాయించండి.

కూలి పనులు వచ్చేదాకా ఆగనక్కర లేనివీ ఉన్నాయి. వాలుకు అడ్డంగా దున్నడం చెప్పాను. శనక్కాయలో కంది సాళ్ళు పెడితే కాయ పీకిన తర్వాత కూడా నేల మీద ఆకు ఉంటుంది. మన సంఘాల ద్వారానే జరుగుతున్న ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లిస్తున్నారు కదా, అది నాలుగో అంకె మీద నేరుగా దెబ్బ వేసే పని. మొదటి గట్టివాన వచ్చేసరికి నేల బోసిగా ఉండదు. గట్ల మీద గ్లిరిసీడియా నాటితే గట్టూ నిలుస్తుంది, ఆకు ఎరువూ వస్తుంది.

ఐదు అంకెల్లో వాన మన చేతిలో లేదు, మట్టి గుణం మన చేతిలో లేదు. వాలు పొడవును గట్టు వేసి తుంచగలం. కప్పు మన చేతిలో ఉంది. కాపుదల మన చేతిలో ఉంది, పైగా దాని నిజం లెక్క మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఉపగ్రహం పైనుంచి ఇవ్వలేని అంకెను ఇవ్వగలిగింది చేని గట్టు మీద నడిచే మనిషే. మన చేలల్లో కలుపు తీసేది, గట్టు మీద గడ్డి కోసేది, గొర్రె తోలేది ఎక్కువ మంది ఆడవాళ్ళే. ఏ గట్టు ఎక్కడ తెగిందో మీకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు.

అందుకని ఈ సమావేశం ముగిసేలోపు ఒక్కటి అడుగుతున్నా. ప్రతి గ్రామ సంఘం వచ్చే నెల సమావేశం అజెండాలో "నేల కోత పటం పరిశీలన" అని ఒక అంశం చేర్చండి. జట్టులో ఎవరెవరు ఉంటారో ఆ రోజే పేర్లు రాయండి. తొలి వాన పడగానే నడవండి. పటం చదవడంలో ఎక్కడైనా ఆగిపోతే సీసీ గారి ద్వారా కబురు పెట్టండి, వచ్చి మీతో పాటు నడుస్తాను.